అడవిలో ఎనభై ఎకరాలు: రెబెకా బర్లెండ్ కుటుంబ చరిత్ర

రెబెకా బర్లెండ్ 1793లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టి, 1872లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కన్నుమూసింది. దాదాపు ఎనభై ఏళ్ళ ఆ జీవితంలో మొదటి సగం పరాయి భూమిని కౌలుకు చేస్తూ గడిచింది, రెండో సగం అడవి కొట్టి సొంతం చేసుకున్న నేల మీద గడిచింది. ఆమె రాజవంశీకురాలు కాదు, ఏ ఉద్యమానికీ నాయకురాలు కాదు. సముద్రం దాటి పోయిన లక్షలాది ఇంగ్లీషు ఆడవాళ్ళలో ఒకతె. అయినా ఆమె కుటుంబ కథ మనకు ఇంత వివరంగా దొరకడం అరుదైన అదృష్టం. ఆ అదృష్టం ఎలా పట్టిందో కూడా ఆ కుటుంబ చరిత్రలో భాగమే.

కథ మొదలు లీడ్స్ పట్టణానికి దగ్గరలోని బార్విక్ ఇన్ ఎల్మెట్ అనే పల్లెలో ఉంది. భర్త జాన్ అక్కడ చిన్న కమతం కౌలుకు తీసుకుని సేద్యం చేసేవాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో భూమి చాలావరకు పెద్ద భూస్వాముల చేతుల్లో ఉండేది. దున్నేవాడు కౌలుదారు, కూలి చేసేవాడు మరొకడు. నెపోలియన్‌తో యుద్ధాలు సాగినన్నాళ్ళూ విదేశీ ధాన్యం రాక తగ్గి గోధుమ ధర ఆకాశాన్నంటింది. 1812లో ఒక క్వార్టర్ గోధుమ, అంటే ఎనిమిది బుషెళ్ళు, సగటున 126 షిల్లింగులు పలికింది. యుద్ధం ముగిసి పదేళ్ళు గడవకముందే, 1822లో, అదే గోధుమ 44 షిల్లింగులకు దిగింది. ధర మూడో వంతుకు పడిపోయింది కానీ కౌలు ఆ లెక్కన దిగలేదు. మంచి రోజుల్లో ఒప్పుకున్న కౌలు చెడ్డ రోజుల్లో మెడకు ఉరి అయింది. బర్లెండ్ దంపతులు ఏళ్ళ తరబడి కష్టపడి కూడా చేతిలో ఉన్న కాస్త డబ్బు కరిగిపోవడమే చూశారు. ఇంకొన్నాళ్ళు ఆగితే ఓడ ఛార్జీలకు కూడా మిగలదని తేలిపోయింది.

సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. ఆ చుట్టుపక్కల నుంచే వలస వెళ్ళిన ఒకాయన ఇల్లినాయ్ నుంచి తన సోదరుడికి రాసేవాడు. నేల సారవంతమనీ, తిండికి లోటు లేదనీ, పాలూ తేనే పారే దేశమనీ ఆ ఉత్తరాల సారాంశం. అప్పట్లో ఇలాంటి ఉత్తరాలు ఇల్లిల్లూ తిరిగేవి. ఊరంతా కూడి చదివించుకునేది. వలస గురించి అచ్చయిన పుస్తకాలూ తక్కువేమీ కాదు. మోరిస్ బర్క్‌బెక్ అనే సంపన్న రైతు 1817లో ఇల్లినాయ్ వెళ్ళి, జార్జ్ ఫ్లవర్‌తో కలిసి ఆగ్నేయ భాగంలోని ఎడ్వర్డ్స్ కౌంటీలో ఇంగ్లీషువాళ్ళ వలసకు పునాది వేశాడు. అతని రాతలను ఇంగ్లండులో విరివిగా చదివారు. వాటిని నమ్మొద్దని పత్రికా రచయిత విలియం కాబెట్ ఘాటుగా రాశాడు. ఈ వాదోపవాదాలన్నీ డబ్బున్నవాళ్ళ లెక్కల మీద నడిచినవి. జేబులో నూటయాభై, రెండువందల డాలర్లతో దిగే కుటుంబం గతి ఏమిటో చెప్పినవాళ్ళు లేరు. బర్లెండ్ కుటుంబ కథ విలువ అక్కడుంది.

1831 వేసవి చివర ఆ కుటుంబం లివర్‌పూల్ చేరింది. ఏడుగురు పిల్లల్లో పెద్దవాళ్ళిద్దరూ, కొడుకు ఎడ్వర్డ్, ఒక కూతురు, ఇంగ్లండులోనే ఉండిపోయారు. పదేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు తల్లిదండ్రుల వెంట బయలుదేరారు. ప్రయాణం అనుకున్న మొదటి రోజు నుంచీ వద్దని బతిమాలింది రెబెకాయే. తీరా రేవులో ఓడ ఎదురుగా నిలిచాక, ధైర్యం జారిపోయింది జాన్‌కు. తనకేమైనా అయితే సముద్రం మధ్యలో, పరాయి అడవుల్లో భార్యాపిల్లలు ఏమైపోతారని ఒక రాత్రంతా నిద్ర లేకుండా కుమిలి, తెల్లారేసరికి వెనక్కి పోదామన్నాడు. అప్పుడు మాట మార్చింది రెబెకా. ఇంతదూరం వచ్చి తిరిగిపోతే మిగిలేది ఏమీ లేదని భర్తకు ధైర్యం చెప్పి ఓడ ఎక్కించింది. వలస చరిత్రల్లో భర్త నిర్ణయిస్తాడు, భార్య వెంట నడుస్తుంది అని రాసేయడం అలవాటు. లివర్‌పూల్‌లో ఆ పొద్దున జరిగింది ఆ మూసలో ఇమడదు.

వాళ్ళు ఎక్కిన ఓడ పేరు ‘హోమ్’. అది న్యూయార్క్‌కు కాక న్యూ ఆర్లీన్స్‌కు పోయే ఓడ. దీనికి కారణం పత్తి. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి లివర్‌పూల్‌కు పత్తి దిగుమతి చేసిన ఓడలు తిరుగు ప్రయాణంలో సరుకు తక్కువై తేలికగా పోయేవి, కాబట్టి మనుషుల్ని చవగ్గా ఎక్కించుకునేవి. పైగా న్యూ ఆర్లీన్స్ నుంచి మిసిసిపీ నది మీద ఇల్లినాయ్ దాకా నీటి దారే. సామాను బండ్లకెత్తే పని ఉండదు. దాదాపు రెండు నెలలు సముద్రం మీద గడిపి, ఆనాటి అమెరికాలో బానిసల అమ్మకానికి అతిపెద్ద సంతగా పేరుబడ్డ న్యూ ఆర్లీన్స్‌లో దిగారు. అక్కడినుంచి ఆవిరి పడవలో సుమారు 1,300 మైళ్ళు ఎదురెక్కి సెయింట్ లూయిస్, అక్కడ మరో పడవ మారి ఇల్లినాయ్ నదిలోకి.

నవంబరు మధ్యలో, పొద్దుగూకే వేళ, పడవ వాళ్ళను ఫిలిప్స్ ఫెర్రీ అనే చోట దించి వెళ్ళిపోయింది. రేవు అంటే ఇల్లూ వాకిలీ ఉంటాయనుకున్నారు. చుట్టూ చెట్లు తప్ప ఏమీ లేవు. ఒడ్డున పెట్టెలు, వాటి మీద అయిదుగురు పిల్లలు. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏడ్చేశారు, వాళ్ళను చూసి పిల్లలూ ఏడుపు లంకించుకున్నారు. కాసేపటికి జాన్ తేరుకుని, పశువులు తొక్కిన బాట ఒకటి పట్టుకుని పోయాడు. బాట చివర దుంగలతో కట్టిన ఇల్లు కనిపించింది. రేవు నడిపే ఫిలిప్స్ ఇల్లు అదే. ఆ రాత్రికి తలదాచుకునే చోటు దొరికింది. ఉత్తరాలు రాసిన పెద్దమనిషిని వెతుక్కుంటూ పోతే, పాలూ తేనే సంగతి అటుంచి, ఆయన బతుకే అంతంతమాత్రంగా ఉంది. అడవిలో ఒంటరిగా ఉన్నవాడికి తోడు కావాలి. ఆ తోడు కోసం రాసిన ఉత్తరాలవి. అబద్ధాలనలేం గానీ, ఆశ ఎక్కువ కలిపి రాసినవి.

వాళ్ళు దిగిన పైక్ కౌంటీ మిసిసిపీకీ ఇల్లినాయ్ నదికీ నడుమ ఉంది. ఆ రెండు నదుల మధ్య నేలలో పెద్ద భాగాన్ని 1812 యుద్ధంలో పనిచేసిన సైనికులకు తలా 160 ఎకరాల చొప్పున కేటాయించారు. మిగిలిన ప్రభుత్వ భూమిని అమ్మేవారు. 1820 నాటి చట్టం ప్రకారం ధర ఎకరాకు డాలరూ పావు, కనీసం 80 ఎకరాలు కొనాలి, అప్పు లేదు, మొత్తం రొక్కం కట్టాలి. అంటే భూమి గలవాడు కావాలంటే చేతిలో 100 డాలర్లు ఉండాలి. ఈ ‘ప్రభుత్వ భూమి’ అంతకు ముందు ఎవరిదో కూడా చెప్పుకోవాలి. సాక్, మెస్క్వాకీ జాతుల కొద్దిమంది నాయకుల చేత 1804లో సెయింట్ లూయిస్‌లో సంతకాలు పెట్టించుకుని, ఏటా 1,000 డాలర్ల విలువైన సరుకు ఇస్తామనే మాట మీద, కోట్ల ఎకరాలు రాయించుకున్నారు. భూమి అమ్మే అధికారం జాతి తమకు ఇవ్వలేదని ఆ జాతివాళ్ళు తర్వాత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. బర్లెండ్‌లు దిగిన మరుసటి ఏడే, 1832లో, బ్లాక్ హాక్ యుద్ధంతో వాళ్ళను మిసిసిపీ అవతలికి పూర్తిగా తరిమేశారు. సొంత దేశంలో భూమి లేక వచ్చిన కుటుంబానికి దొరికిన ఆ ఎనభై ఎకరాలు మరొకరి దగ్గర గుంజుకున్నవి. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని చెప్పి రెండోది దాచడం చరిత్ర అనిపించుకోదు.

ఓక్స్ అనే పేరుతో కథలో కనిపించే ఒక సెటిలర్ దగ్గర బర్లెండ్‌లు ఒక ‘ఇంప్రూవ్‌మెంట్’ కొన్నారు. ఈ మాటకు అర్థం తెలియకపోతే ఆనాటి పల్లె అమెరికా అర్థం కాదు. పట్టా లేకుండానే అడవిలోకి పోయి, కొన్ని ఎకరాలు చెట్లు కొట్టి, దుంగల ఇల్లు వేసి, కంచె కట్టి సాగు మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. 1830 నాటి చట్టం ముందుగా సాగు చేసినవాడికి కనీస ధరకు కొనుక్కునే మొదటి హక్కు ఇచ్చింది. వాళ్ళలో ఎంతోమంది కొనేవాళ్ళు కారు. చేసిన శ్రమను తర్వాత వచ్చినవాడికి అమ్మి, ఆ డబ్బుతో ఇంకా పడమటికి పోయేవాళ్ళు. ఓక్స్‌కు 60 డాలర్లు ఇచ్చి, క్విన్సీ పట్టణంలోని భూమి కార్యాలయంలో 100 డాలర్లు కట్టి జాన్ పట్టా తెచ్చుకున్నాడు. ఓక్స్ వదిలిపోయిన దుంగల ఇల్లు, సాగులో ఉన్న కొద్ది ఎకరాలు, మిగతాదంతా అడవి. ఆ అడవిలో చక్కెర మేపుల్ చెట్లు నాలుగు వందల దాకా ఉన్నాయి.

ఆ చెట్లే మొదటి వసంతంలో ఇంటిని నిలబెట్టాయి. మిగిలిన డబ్బంతా ఒక ఆవూ దూడా, ఒక గుర్రం, రెండు పందులు, మూతా పిడీ ఉన్న లోతు తక్కువ ఇనుప పెనం కొనడానికి సరిపోయింది. ఆ పెనమే రొట్టె కాల్చే పొయ్యి, వేపుడు మూకుడు, అన్నీ. చలికాలమంతా మొక్కజొన్న పిండి రొట్టె, పంది మాంసం, పాలు. చలి తగ్గుముఖం పట్టి, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు రాగానే మేపుల్ చెట్లలో రసం ఎక్కుతుంది. కాండానికి బర్మాతో బెజ్జం వేసి, పుల్లతో చేసిన గొట్టం దిగేసి, కింద చెక్క తొట్టి పెడతారు. చుక్క చుక్కగా నిండిన తొట్ల నుంచి రసం మోసుకొచ్చి, పెద్ద ఇనుప కాగుల్లో రాత్రింబగళ్ళు కాస్తారు. నలభై గాలన్ల రసం కాస్తే ఒక గాలన్ పాకం వస్తుంది. ఇంకా కాస్తే చక్కెర. నాలుగు వందల చెట్ల రసం మోయడానికి, కట్టెలు తేవడానికి, కాగు పొంగకుండా చూడడానికి ఇంటిల్లిపాదీ చాలలేదు. ఆ చక్కెరను దుకాణంలో ఇచ్చి పిండీ కాఫీ ఇతర సరుకులూ తెచ్చుకున్నారు. డబ్బు కంటికి కనిపించని ఆ చోట వస్తువుకు వస్తువే చెల్లుబాటు. సబ్బు సైతం ఇంట్లోదే. కట్టె బూడిద నానబెట్టి దించిన క్షార జలంలో కొవ్వు కలిపి కాచి చేసేవాళ్ళు.

తొలి గోధుమ పంట కోతకొచ్చిన వేళ అసలు గండం వచ్చింది. కొడవలి పట్టుకుని నడుస్తున్న జాన్ పడిపోయాడు. కొడవలి మోకాలి దగ్గర దిగింది. గాయం చీము పట్టి, జ్వరం తిరగబెట్టి మంచాన పడ్డాడు. డాక్టరు అందుబాటులో లేడు. పొలంలో సుమారు మూడెకరాల గోధుమ పండి రాలడానికి సిద్ధంగా ఉంది. ఆ పంట పోతే మరుసటి ఏడు విత్తనం లేదు, దుకాణం అప్పు తీరదు. రెబెకా కొడవలి తీసుకుంది. వెంట ఉన్న పిల్లల్లో పెద్దవాడు తోడు వచ్చాడు. ఇంట్లో నొప్పితో మూలిగే భర్త, చిన్న పిల్లలు. వెళ్ళి చూసుకుంటూ వచ్చి కోస్తూ, వేసవి ఎండలో తల్లీకొడుకులు కలిసి చేను కోశారు. పనలు మోయడానికి బండి లేదు. రెండు గట్టి కర్రలు నేల మీద పెట్టి, వాటి మీద పనలు పేర్చి, ముందు ఒకరు వెనుక ఒకరు పట్టుకుని కళ్ళం దగ్గరికి చేర్చి వామి వేశారు. ఆ గోధుమలోంచి విత్తనానికి తీసిపెట్టుకుని, మిగతాది దుకాణంలో ఇచ్చి పిల్లలకు చెప్పులూ, ఇంటికి కావలసిన పనిముట్లూ తెచ్చుకున్నారు. ఒక ఇంగ్లీషు రైతు కుటుంబం ఇల్లినాయ్‌లో నిలదొక్కుకుందా, చెదిరిపోయిందా అన్నది ఆ కొన్ని రోజుల్లో ఆ కొడవలి మీదే ఆధారపడింది. ఆ తర్వాత ఎన్ని వందల ఎకరాలు కలిసినా వాటన్నిటికీ పునాది ఆ మూడెకరాల కోతే.

ఆ అడవిలోనే రెబెకాకు కవలలు పుట్టారు. మంత్రసాని లేదు, పుట్టింటివాళ్ళు లేరు, పలకరించేందుకు ఇరుగమ్మ పొరుగమ్మలు కూడా కొద్దిమందే. నదీ తీరపు పల్లపు నేలల్లో ఏటా వేసవి చివర చలిజ్వరం కమ్మేది. మలేరియాకు దోమ కారణమని తెలియడానికి ఇంకా అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఇన్నిటి మధ్య, ఎకరం తర్వాత ఎకరం చెట్లు కొడుతూ, పక్క భూములు కొంటూ, పధ్నాలుగు పదిహేనేళ్ళలో ఆ కుటుంబం 360 ఎకరాలకు ఎదిగింది. ఇంగ్లండులో తరతరాలు కష్టపడినా ఆ కౌలుదారుకు అందులో పదో వంతు కూడా సొంతమయ్యేది కాదు.

1846లో రెబెకా తిరిగి ఇంగ్లండు వచ్చింది. పదిహేనేళ్ళుగా చూడని పెద్ద పిల్లల్ని చూసింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె వెంట మరికొందరు యార్క్‌షైర్‌వాళ్ళు అమెరికా బయలుదేరారు. వలస ఒక కుటుంబంతో ఆగదు, గొలుసులా సాగుతుంది. ఉత్తరం రాసిన పెద్దమనిషి నుంచి బర్లెండ్‌ల దాకా, వాళ్ళ నుంచి ఇరుగుపొరుగు దాకా సాగింది. అప్పటికి ఎడ్వర్డ్ బడిపంతులు. పద్యాలు రాసే అలవాటూ ఉంది. తల్లి చెప్పిన కథంతా విని, ఆమె నోట చెప్పినట్టుగా, ‘నేను’ అంటూ రాశాడు. 1848లో లండన్‌లో ‘ఎ ట్రూ పిక్చర్ ఆఫ్ ఎమిగ్రేషన్’ పేరిట చిన్న పుస్తకంగా అచ్చయింది. వలస వెళ్ళదలచిన పేదవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పడమే దాని ఉద్దేశం. పోవద్దని భయపెట్టలేదు, రమ్మని ఊరించలేదు.

ఇంగ్లండులోనే ఉండిపోయిన ఆ ఒక్క కొడుకు లేకపోతే రెబెకా మనకు దొరికేది కాదు. కుటుంబ చరిత్ర తవ్వేవాళ్ళకు దొరికే కాగితాలన్నిటినీ వరసగా చూస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చీ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిపెట్టేది. దానివల్ల స్త్రీ పుట్టుక, పెళ్ళి తెలుస్తాయి. 1820 నుంచి అమెరికా రేవులకు వచ్చే ఓడలు ప్రయాణికుల జాబితా ఇవ్వాలి. అందులో పేరు, వయసు ఉంటాయి. భూమి పట్టా మాత్రం భర్త పేర. 1840 దాకా అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవాళ్ళు. ఇంట్లో భార్యా పిల్లలు వయసుల వారీగా గళ్ళలో ఒక అంకె, అంతే. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ రాయడం 1850లో మొదలైంది. అంటే అడవి కొట్టిన, చేను కోసిన, కవలల్ని కన్న ఆ తొలి కాలమంతా జనాభా లెక్కల్లో రెబెకా ఒక గీత మాత్రమే. ఆనాటి ఇంగ్లీషు న్యాయసూత్రం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి వేరే ఆస్తి లేదు. ఆమె ఆస్తి భర్తదే. ఇల్లినాయ్ ఈ నియమాన్ని 1861లో గానీ సడలించలేదు. భార్య పేరు నిలిచే కాగితం ఒకటుంది. అది భూమి అమ్మకపు దస్తావేజు. భర్త చనిపోతే భూమిలో మూడో వంతు మీద భార్యకు జీవితకాలపు హక్కు ఉండేది కాబట్టి, అమ్మేటప్పుడు భర్త లేని చోట ఆమెను విడిగా అడిగి, ఇష్టపూర్వకంగానే హక్కు వదులుకుంటున్నానని రాయించుకునేవాళ్ళు. ఇల్లాలి పేరు సర్కారు కాగితంలోకి ఎక్కేది ఆమె హక్కు పోయే రోజునే. పూర్వికురాళ్ళను వెతికే అమెరికా పరిశోధకులు ఇప్పటికీ ఈ దస్తావేజుల్లో ఎంతోమంది భార్యల పేర్లు కనుక్కుంటున్నారు.

పోలికకు మరొక ఇంగ్లీషు స్త్రీని చూడవచ్చు. లండన్‌కు చెందిన జీన్ రియో బేకర్ మార్మన్ మతం స్వీకరించి, భర్త పోయాక, 1851 జనవరిలో పిల్లలతో ఓడ ఎక్కింది. సముద్రం మీద నాలుగేళ్ళ కొడుకును పోగొట్టుకుని, ఎడ్లబండ్లలో మైదానాలు దాటి యూటా చేరింది. ఆమె ఆస్తిపరురాలు, చదువుకున్నది. వెంట ఒక పియానో కూడా తెచ్చుకుంది. రోజువారీ రాసుకున్న డైరీ వల్ల ఆమె కథ నిలిచింది. ఉప్పు తేలిన నేలలో సేద్యం చేసి, ఉన్నదంతా పోగొట్టుకుని, చివరికి కాలిఫోర్నియా చేరింది. రెబెకాకు డైరీ లేదు, తీరికా లేదు. ఆమెకు ఉన్నది జ్ఞాపకం, విని రాసిన కొడుకు.

1848 నాటి పుస్తకం మీద తల్లి పేరు గానీ కొడుకు పేరు గానీ లేదు. దాదాపు తొంభై ఏళ్ళ పాటు అది ఎవరిదో తెలియని రాతగానే ఉండిపోయింది. 1936లో షికాగో లేక్‌సైడ్ ప్రెస్ కోసం చరిత్రకారుడు మైలో మిల్టన్ క్వైఫ్ దాన్ని మళ్ళీ అచ్చు వేయించాడు. ఆ ప్రతి ముఖపత్రం మీద రచయిత్రి స్థానంలో రెబెకా బర్లెండ్ అని ఉంది.